బావ అరచేతికి సరిపడే కెమెరా

జూన్ 3

బావమరిదీ,

కంగారు పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మీ పెద్దన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర అంత గొడవ జరిగాక జన్మలో నీతో మాట్లాడనని ఒట్టేశాను కదా, ఆ ఒట్టు చెక్కుచెదరలేదు. అయితే మాట్లాడనని ఒట్టేశాను గాని ఉత్తరం రాయనని వెయ్యలేదు. ఫోన్ చేస్తే ఎత్తను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు. ఫోన్లో నీ వెటకారం వింటే ఆ పూట నేను ఒక బిళ్ళ ఎక్కువ మింగాలి.

విషయం ఏమిటంటే స్టూడియో కెమెరా చచ్చిపోయింది. పాస్‌పోర్టు ఫొటోకి ఒకావిడ గడ్డం ఎత్తి కూర్చుని ఉండగా టక్కుమని సగంలో ఆగిపోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి, దీని మీద పెట్టే ఖర్చేదో కొత్తదాని మీద పెట్టండి అని ఉచిత సలహా పారేశాడు. సరే, కొంటాను. ఏది కొనాలన్నదే గొడవ. నువ్వు పట్నంలో కెమెరాల కౌంటరు వెనక నిలబడతావు కాబట్టి నిన్ను అడగాల్సి వచ్చింది. అంతేగాని నీకేదో తెలుసని కాదు.

ఈ నెలాఖరులో బడి ఆర్డరు ఉంది. పిల్లలందరి గుర్తింపు కార్డులూ, తరగతుల గ్రూపు ఫొటోలూ. మా స్టూడియోకి ఏడాదిలో సగం తిండి దాని మీదే. అది పోతే తలుపులకి తాళం వేసుకోవడమే. ఇన్నేళ్ళూ మారుమాట లేకుండా మాకే ఇచ్చేవాళ్ళు. ఈసారి కొత్త ప్రిన్సిపాలమ్మ వచ్చింది. ఎదురు స్టూడియో గొడుగులాయన కూడా వెళ్ళి అడిగాడట. అదేలే, లైట్లకి పెట్టే తెల్ల గొడుగులు రెండు కిటికీలో వేలాడదీసి తనూ ఫొటోగ్రాఫరునే అనుకునే మనిషి. దాంతో ఆవిడ ఇద్దరూ చెరో తరగతి తీసి చూపించండి, బాగున్నవాళ్ళకిస్తాను అంది. నన్ను, ఆ గొడుగులాయన్ని, ఒకే తక్కెడలో వేసింది.

నాకు పెద్ద రకం కావాలి. మొదటిసారి కొనేవాళ్ళకని అమ్మే ఆ బుల్లివి వద్దు. చేతిలో బరువుండాలి. పట్టుకుంటే చిటికెన వేలు గాల్లో వేలాడకూడదు. అందుకని నా అరచెయ్యి కాగితం మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీయించి పంపుతున్నాను. మీ అక్కే గీసింది. పెద్ద రకాన్నీ బుల్లి రకాన్నీ దీని మీద పెట్టి చూసి ఏది కుదురుతుందో రాయి.

మీ అక్క బాగానే ఉంది.

మాట్లాడని
మీ బావ


జూన్ 8

మహారాజశ్రీ బావగారి అరచేతికి నమస్కారాలు.

కాగితం అందింది. మా కౌంటరు ఇస్త్రీపెట్టెలకీ టీవీలకీ మధ్యన ఉంటుంది. గాజు అల్మారాలోంచి రెండు కెమెరాలూ తీసి, నీ చెయ్యి బల్ల మీద పరిచి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తుంటే ఇస్త్రీపెట్టెలు అమ్మే అమ్మాయి వచ్చి, ఎవరికండీ జాతకం చెబుతున్నారు అంది. మేనేజరు వచ్చి చూశాడు. కాలి కొలత పంపి చెప్పులు తెప్పించుకున్నవాళ్ళ గురించి విన్నాను గాని ఇది మాత్రం కొత్త అన్నాడు. నా పరువు నువ్వు పోస్టులో కూడా తీయగలవని ఇవాళే తెలిసింది.

బావా, చేతిని గీసినప్పుడు వేళ్ళు చాపి ఉంటాయి. కెమెరా పట్టుకున్నప్పుడు వేళ్ళు ముడుచుకుంటాయి. ఈపాటి కూడా తట్టలేదా?

తేడా చెబుతాను, ఒకసారే చెబుతాను. లోపల బొమ్మ పడే సెన్సారు రెండింటికీ దాదాపు ఒకటే. వెలుతురూ వేగమూ సరిచేసుకోవడానికి తిప్పే చక్రాలు పెద్దదానికి రెండు, చిన్నదానికి ఒకటి. పెద్దదాని ఒళ్ళు గట్టిది, కాస్త దుమ్మూ తడీ తట్టుకుంటుంది. చిన్నది ప్లాస్టిక్కు. కన్ను ఆనించి చూసే చోట పెద్దదాంట్లో గాజు దిమ్మ ఉంటుంది, కాబట్టి విశాలంగా, వెలుతురుగా కనిపిస్తుంది. చిన్నదాంట్లో అద్దం ముక్కలతో సరిపెడతారు, కాస్త ఇరుగ్గా, మసగ్గా ఉంటుంది. మీ దగ్గరున్న పాత లెన్సుల్ని తనంతట తనే తిప్పి ఫోకస్ చేసే మోటారు పెద్దదాంట్లో ఉంటుంది, చిన్నదాంట్లో ఉండదు. అయితే చిన్నదాంతో పాటు దానికి సరిపడే కొత్త లెన్సు ఒకటి పెట్టెలోనే వస్తుంది, అది తనంతట తనే తిరుగుతుంది.

ఇవన్నీ పనిచేసేవాడికి. నువ్వు చేసేదేముంది? గోడ ముందు మనిషిని కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమని, దించమని, మళ్ళీ ఎత్తమని నొక్కుతావు. రోజూ నా కౌంటరు దగ్గరికి నీలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. పెద్దదే కావాలంటారు. దేనికండీ అంటే పాప పుట్టిందండీ అంటారు. ఆ పాపకి పెళ్ళీడు వచ్చేదాకా కూడా రెండో చక్రాన్ని ముట్టుకోరు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట. నీకు చిన్నది చాలు.

అక్కని అడిగినట్టు చెప్పు.

నీ ఒట్టుకి కట్టుబడి ఉన్న
బావమరిది


జూన్ 13

బావమరిదీ,

చిన్నది చాలు అని రాశావు. చదివి నవ్వుకున్నాను. మీ కొట్టులో చిన్నవి అమ్ముడుపోక మూలుగుతున్నాయన్నమాట. వాటిని బంధువుల నెత్తిన రుద్దమని మీ మేనేజరు చెప్పి ఉంటాడు. ఇస్త్రీపెట్టెల పక్కన నిలబడి నిలబడి నీ బుర్ర కూడా వేడెక్కింది.

స్టూడియో నడపడమంటే ఏమిటో నీకు తెలియదు. మనిషి లోపలికి రాగానే ముందు చూసేది కెమెరాని. అది చేటంత ఉంటే నోరు మూసుకుని చెప్పిన చోట కూర్చుంటారు. అగ్గిపెట్టెంత ఉంటే, మా మేనల్లుడి దగ్గర కూడా ఇదే ఉందండీ అని మొదలుపెడతారు. ఆ తర్వాత వాళ్ళ గడ్డం ఎత్తించడం ఎవరి తరమూ కాదు. బడి పిల్లలైతే మరీను.

పైగా పాత లెన్సులు రెండూ బంగారం లాంటివి. మీ అక్క చేతికి బాగా అలవాటైపోయాయి. ఆవిడకి కళ్ళజోడు వచ్చిన దగ్గర్నుంచి, పాత కెమెరాలో కన్ను పెట్టినా మూలలు సరిగ్గా కనపడటం లేదని గొణుగుతూనే ఉంది. ఇక నువ్వు చెప్పే ఇరుకుదాంట్లో చూస్తే చివర నిలబడ్డ పిల్లల చెవులు తెగిపోతాయి. ఆ లెన్సులు ఏ కెమెరాకి తగిలిస్తే వాటంతట అవి తిరుగుతాయో సరిగ్గా కనుక్కోమని కూడా అంది. ఆడవాళ్ళకి ఇలాంటి చిన్న చిన్న విషయాలు ఎక్కువ పట్టింపు. నాకు ముఖ్యం బరువు.

పెద్దదాన్ని ఎప్పుడు పంపుతావో రాయి. గొడుగులాయన కిటికీ తుడిపించాడు. అంత మాత్రానికే వాడి నడక మారిపోయింది.

మీ బావ


జూన్ 17

బావా,

ఆగు. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అక్క కన్ను పెట్టి చూడటమేమిటి? అక్క చేతికి లెన్సులు అలవాటవడమేమిటి? అంటే మీ స్టూడియోలో ఫొటోలు తీసేది అక్కా?

ఇప్పుడు గుర్తొస్తోంది. మీ ఊరు వచ్చినప్పుడల్లా నువ్వు నాతో ముందు గదిలో కూర్చుని, నేను తీసే ఫొటోలకి జిల్లాలో సాటి లేదు అంటుంటే, పక్క గదిలో లైట్లు వెలిగి ఆరేవి. నువ్వేమో నా ఎదురుగానే ఉండేవాడివి. ఆ లైట్లు ఎవరు వెలిగిస్తున్నారని నాకు తట్టనే లేదు. బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో నీ పేరు, కెమెరా వెనక అక్క. నువ్వు మామూలు మనిషివి కాదు.

సరే, ఎవరు నొక్కితే నాకేం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు. కానీ తీసేది అక్కే అయితే లెక్క మరీ తేలికైపోయింది. నీకే ఎక్కువనుకున్నది ఆవిడకి దేనికి? చిన్నప్పుడు ఇంట్లో గోడగడియారానికి కీ ఇవ్వాలన్నా నన్నే పిలిచేది. అలాంటి మనిషి చేతిలో రెండు చక్రాలది పెడితే ఏది ఎటు తిప్పాలో తెలియక ఏడుస్తుంది. చిన్నదాంట్లో ఆటో అని ఒకటుంటుంది. అక్కడ పెట్టి చేతికిచ్చేయి. మిగతాది అదే చూసుకుంటుంది.

చిన్నదే పంపుతున్నాను. ఇక దీని గురించి నాతో వాదించకు. పెట్టెలో వచ్చిన కొత్త లెన్సే వాడండి. పాత లెన్సు తగిలించారంటే ఫోకస్ చేత్తో తిప్పాలి, ఇది గుర్తుపెట్టుకో. గుర్తుండకపోతే గోడ మీద రాసుకో.

బావమరిది


జూన్ 22

బావమరిదీ,

పార్సిలు మొన్న అందింది. పెట్టె చూసి మిఠాయేమో అనుకున్నాను. అంత తేలికగా ఉంది.

నీ ఉత్తరం కూడా మీ అక్కకి చదివి వినిపించాను. గడియారం సంగతి దగ్గర నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. కెమెరా తీసి కంటికి ఆనించి, కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. పాత లెన్సు తగిలించి చూసింది. మళ్ళీ అన్నీ విప్పి పెట్టెలో సర్దేసి, "ఇది నా కంటికి ఆనడం లేదండీ. పెద్దది తెప్పించండి, బడి ఫొటో నేను తీస్తాను" అంది.

ఇప్పుడు దీన్ని తిప్పి పంపి పెద్దది తెప్పించడానికి వ్యవధి ఎక్కడుంది? పైగా తిప్పి పంపితే నీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అదీగాక తీసేది ఆవిడ, ఆవిడ అని నువ్వు అంత పెద్దగా రాశాక నాకూ ఒళ్ళు మండింది. మనుషుల్ని వరసలో నిలబెట్టేది నేను. పొడుగువాళ్ళని వెనక్కి, పొట్టివాళ్ళని ముందుకి తెచ్చేది నేను. నవ్వించేది నేను. ఆ మాటే చెప్పాను. "నువ్వు రాకపోయినా ఏం ఫరవాలేదు. నొక్కడం ఎవరైనా నొక్కుతారు" అన్నాను.

సరేనంది. మంచిదే. కాకపోతే మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్ళొస్తోంది. జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి కాబోలు. అలిగినప్పుడు ఆడవాళ్ళకి కొత్త బట్టలు గుర్తొస్తాయి.

ఇరవై ఆరున నా వంతు. గొడుగులాయన వంతు మర్నాడు. పెట్టెలో వచ్చిన ఆ సన్నటి లెన్సు నేను ముట్టుకోను. పాల డబ్బా మూతలా ఉంది. నా పాత లెన్సు తగిలిస్తే దీనికి కూడా కాస్త మర్యాద వస్తుంది.

మీ బావ


జూన్ 30

ఒరేయ్,

చల్లగా ఉన్నావా? ఆర్డరు పోయింది.

జరిగింది విను. పిల్లల్ని మెట్ల మీద మూడు వరసల్లో అద్భుతంగా నిలబెట్టాను. కనుబొమ్మల దాకా సరిచూశాను. నీ బొమ్మ కెమెరా బయటికి తీశాను. వెనక వరసలోంచి ఒక పిల్ల, మా ఇంట్లో కూడా అదే ఉందండీ అంది. తరగతి అంతా నవ్వింది. అయినా పట్టు వదలకుండా ముప్ఫై సార్లు నొక్కాను.

కంప్యూటర్లో చూస్తే పిల్లలు ఒక్కళ్ళు కూడా స్పష్టంగా లేరు. అందరి మొహాలూ ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టున్నాయి. వాళ్ళ వెనక, మెట్ల పైన, గోడకి తగిలించిన నోటీసు బోర్డు మాత్రం బ్రహ్మాండంగా పడింది. దాని మీద ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ కూడా చదవొచ్చు. ప్రిన్సిపాలమ్మ అది చదివి, తేదీ మార్చాలి, మంచిపని చేశారు అంది. అలాంటి మాట నా జన్మలో పడలేదు.

గొడుగులాయన ఫొటో నిన్న బడి ముందు అంటించారు. వెళ్ళి చూశాను. ఇవాళ మళ్ళీ వెళ్ళి చూశాను. నిజం చెప్పకపోతే కళ్ళు పోతాయి, బాగుంది. పిల్లలెవరూ కర్రల్లా లేరు. ముందు వరసలో ఒకడు పళ్ళు ఊడిన నోరు దాచుకోవడం మర్చిపోయి నవ్వుతున్నాడు. చివర నిలబడ్డ పిల్ల చెవి పోగుతో సహా ఉంది. ఆ పిల్లలతో ఎవరో నెమ్మదిగా మాట్లాడి తీసినట్టుంది. ఆ గొడుగులవాడికి ఇంత పని ఎప్పుడు వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు. వాడి దగ్గర పెద్ద రకం ఉందట, రెండు చక్రాలది. ఇంకేం, తెలిసిపోయింది కదా. నువ్వు పెద్దది పంపి ఉంటే ఆ ఫొటో నాది అయ్యేది. మా నోటి దగ్గర కూడు నువ్వే తీశావు.

మీ అక్కకి చెప్పాను. ఫొటో ఎంత బాగుందో కూడా చెప్పాను. మళ్ళీ చెప్పండి, ముందు వరసలో వాడి నవ్వు బాగుందా అని అడిగింది. ఇల్లు మునిగిపోతుంటే ఆవిడకి వాడి నవ్వు కావాలి.

మీ బావ


జూలై 4

బావా,

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడే. పాత లెన్సు తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పాలని రాశానా లేదా? గోడ మీద రాసుకోమన్నానా లేదా? నువ్వు తిప్పలేదు, కాబట్టి అది ఎక్కడ ఉందో అక్కడే ఉంది, గోడ మీద. పాల డబ్బా మూత అన్నావు చూడు, ఆ మూత తగిలించి ఉంటే పిల్లల మొహాలైనా పడేవి. కెమెరాకి ఏ రోగమూ లేదు. రోగం నీ డాబుకి.

ఇంతకీ అక్క ఏమంటోంది? పాపం, ఏమీ తెలియని మనిషి. ఈ గొడవలోకి ఆవిడని లాగకు.

బావమరిది


జూలై 7

తమ్ముడూ,

పాపం, ఏమీ తెలియని మనిషి రాస్తోంది.

మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలన్నీ మీ బావ చదివి వినిపిస్తూనే ఉన్నారు. నాకేదో కాలక్షేపంగా ఉంటుందని ఆయన ఉద్దేశం. వాటిలో కెమెరా బరువుంది, చక్రాలున్నాయి, ఆయన చిటికెన వేలుంది. తీసే మనిషికి ఏం కావాలని ఇద్దరిలో ఒక్కరికీ అడగబుద్ధి కాలేదు. నేను అడగమన్న ఒక్క మాటకి కూడా ఆడవాళ్ళ పట్టింపు అని తోక తగిలించి పంపారు ఆయన. నువ్వు ఆ మాటకి జవాబు ఆయనకి రాశావు గాని నాకు రాయలేదు.

గడియారం సంగతి కూడా చెబుతాను. కీ ఇవ్వడం చేతకాక నిన్ను పిలవలేదురా. ఏ పనీ చెయ్యకుండా వీధులు తిరుగుతున్నావని అమ్మ కుమిలిపోతుంటే, ఇంట్లో ఒక్క పనైనా నీ చేత చేయిద్దామని పిలిచేదాన్ని. నువ్వు వారానికి రెండుసార్లు దాన్ని తిప్పి, ఇల్లు నువ్వే నడుపుతున్నట్టు కూర్చునేవాడివి. ఇప్పుడు మీ బావ కూర్చున్నట్టే.

మధ్యాహ్నాలు నేను వెళ్ళింది జాకెట్ల కోసం కాదు. నువ్వు పంపిన పెట్టె వచ్చిన మర్నాడు గొడుగులాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దగ్గరున్న కెమెరా పెద్ద రకమే, పాతది, మా లెన్సుల కంపెనీదే. ఒకసారి కన్ను పెట్టి చూస్తానండీ, నాకు పనికొస్తుందనిపిస్తే మా ఆయన్ని ఒప్పిస్తాను అన్నాను. తీసి చేతికిచ్చాడు. నా లెన్సు తగిలించాను. దానంతట అదే తిరిగింది. కళ్ళజోడుతోనే నాలుగు మూలలూ కనిపించాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఆ మూలలు చూసి ఎన్నేళ్ళయిందో. ఆ రోజు సాయంత్రమే ఇంటికొచ్చి పెద్దది తెప్పించమని మీ బావని మళ్ళీ అడిగాను. నొక్కడం ఎవరైనా నొక్కుతారన్నారు.

మర్నాడు గొడుగులాయనకి ఆ మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "అమ్మా, మీ గది కిటికీ నాకు ఎదురుగానే ఉంటుంది. కెమెరా వెనక ఇన్నేళ్ళూ ఎవరున్నారో నాకు తెలుసు" అన్నాడు. తన వంతు రోజున తరగతి ఫొటో నన్ను తీయమన్నాడు, కెమెరా తనది, ఫొటో నాది అని. రోడ్డుకి అవతల ఉన్నవాడికి కనిపించింది, ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి కనిపించలేదు.

ఆ ఫొటో నేను తీసింది. ఆర్డరు ప్రిన్సిపాలమ్మ నా పేరు మీద రాసిచ్చింది. సోమవారం నుంచి పిల్లల ఫొటోలన్నీ నేనే తీస్తాను, ఎదురు స్టూడియోలో. వంటకి ఇంటికొస్తాను, పనికి అక్కడికి వెళతాను. ఇక నాకు ఏదైనా రాయాలనుకుంటే ఆ అడ్రసుకి రాయి. నీ చిన్న కెమెరా తప్పు ఏమీ లేదు. మంచి పిల్ల కెమెరా అది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవ్వు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ ఫొటో ఎంత బాగుందో వారం నుంచి మీ బావే చెబుతున్నారు. పళ్ళు ఊడినవాడి గురించి, ఆ చెవి పోగు గురించి, పొద్దున్నా సాయంత్రమూ. అది నాదని తెలిస్తే అదే మాట ఇంకోసారి నా మొహం చూసి అంటారేమోనని ఆశపడ్డాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒక్క మాట కోసం అంత ఆశపడినందుకు నా మీద నాకే రోత పుడుతోంది. నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టి చెప్పాను. ఆ ఫొటో నేను తీశానండీ అన్నాను. కంచంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వంక అలా చూస్తూనే ఉన్నారు. నేను కూడా పక్కకి చూడకుండా నిలబడ్డాను.

"ఏ కెమెరాతో తీశావు? పెద్దదాంతోనేనా?" అని అడిగారు.

మజ్జిగ పోసి, చెయ్యి కడుక్కుని, లెన్సులు రెండూ సంచిలో వేసుకుని రోడ్డు దాటాను.

అక్క